ఎండ కళ్ళలో పడిన సాక్షి

అలబామా రాష్ట్రం పర్డీస్ ఫెర్రీ కాపురస్తుణ్ణి, రిటైరైన పోస్ట్‌మన్‌ని, మౌంట్ నీబో చర్చి స్కౌట్ దళానికి నలభై ఏళ్ళు మాస్టర్‌గా చేసినవాణ్ణి, రూఫస్ ఎల్బర్ట్ పెటిగ్రూ అనే నేను, నా డెబ్భై నాలుగో ఏట, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, తెలివిలో ఉండి రాయించుకున్న వీలునామా ఇది. మతి స్థిమితంగా ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. గుండెకు కూడా అలాంటి కాగితం ఇమ్మంటే మాట మార్చాడు. ఇంతకు ముందు రాసిన రెండు వీలునామాలూ ఇందుమూలంగా రద్దు. వాటిలో అబద్ధం లేదు, కాని అసలు సంగతీ లేదు.

1. నా చెల్లెలి కూతురు లవీనియా ఈ వీలునామాను అమలు చేయాలి. నా ఇల్లు, ఇంటి వెనక స్థలం, దాని సర్వహక్కులూ ఆమెకే దఖలు పరుస్తున్నాను. షెడ్డులో తొమ్మిది టెంట్లున్నాయి. ఏడింటికి చిల్లులు. ఏ ఏడింటికో వాన పడితే గాని తెలియదు.

2. లవీనియా కొడుకు సెడ్రిక్‌కు నా ఇనప మూకుడు. మొక్కజొన్న రొట్టె అందులోనే కాల్చాలి, సబ్బు తగలకూడదు. దాంతో పాటు రెండు అగ్గిపుల్లలు. వీడు ఒకసారి క్యాంపులో పెట్రోలు పోసి మంట వెలిగించి కనుబొమ్మలు పోగొట్టుకున్నాడు. నిజమైన స్కౌటుకు రెండు పుల్లలు చాలునని వాడికి ముప్పై ఏళ్ళు దాటాకైనా తెలియాలి.

3. తెల్లవాళ్ళ దళానికి ఒకప్పటి మాస్టరు, దేశంలో స్కౌటింగ్‌కు వందేళ్ళు నిండుతున్నాయని ఇప్పుడు మన జిల్లా స్కౌట్ కౌన్సిల్ చరిత్ర రాయిస్తున్న కమిటీకి పెద్ద, టాల్మాడ్జ్ బాయ్కిన్ గారికి నా చిన్ననాటి నిక్కరు. ఊళ్ళో స్కౌటింగ్ 1931లో తన తండ్రిగారి దళంతో మొదలైందని ఆయన రాయించారు. మా నల్లవాళ్ళ దళం 1927లోనే మొదలైంది. మేం యూనిఫాం వేసుకోకూడదని కౌన్సిల్ ఆంక్ష పెట్టింది కాబట్టి ఎవరి కళ్ళకూ ఆనలేదు, అంతే. మా అమ్మలు దాణా సంచుల గుడ్డతో నిక్కర్లు కుట్టి, వాల్‌నట్ తొక్కలు ఉడకబెట్టిన నీళ్ళలో ముంచి ఖాకీ రంగు తెప్పించేవారు. 1949 జులై నాలుగు స్వాతంత్ర్య దినం పరేడ్‌లో మమ్మల్ని గుర్రాల వెనక నడవనిచ్చారు. ఎక్కడ అడుగు వేస్తున్నామో చూసుకోవడంలో అంతకు మించిన శిక్షణ ఉండదు. సగం దారిలో వాన పడి రంగంతా కాళ్ళ మీదికి కారింది. అరుగు మీద నిలబడి నవ్విన కుర్రాళ్ళలో బాయ్కిన్ గారు ఒకరు. నిక్కరు ఆయనకు పట్టదు, చట్రంలో పెట్టించుకోవచ్చు.

4. దళం దినచర్య పుస్తకాలు, 1927 నుంచి పదకొండు, మౌంట్ నీబో చర్చికి. బాయ్కిన్ గారు చూడాలంటే చర్చికి వచ్చి, బల్ల దగ్గర కూర్చుని, చేతులు కడుక్కుని చూడాలి. ఇంటికి ఇవ్వొద్దు. ఇరవై ఏళ్ళ కిందట నా పడవ తెడ్డు తీసుకెళ్ళారు, ఇంకా రాలేదు.

5. నా ఈగిల్ పతకం. స్కౌటింగ్‌లో అంతకు మించింది లేదు. ఈ ఊరి నల్లవాళ్ళలో దాన్ని మొదట సాధించినవాణ్ణి నేనేనని కోర్టు గోడ మీద రాగి రేకు ఉంది. కొత్త చరిత్ర పుస్తకంలో నా ఫోటో కూడా వేస్తున్నారు. ఇక్కడ నా కలం కాస్త మొరాయిస్తోంది, అయినా రాస్తున్నాను.

ఈగిల్ కావాలంటే ఈత బ్యాడ్జీ ఉండాలి. కౌన్సిల్ వారి క్యాంపు మాకు ఆగస్టు ఆఖరి వారం ఒక్కటే ఇచ్చేవారు, అదీ సరస్సులో దిగకూడదన్న షరతు మీద. ఈత రావాలి, నీళ్ళు తాకకూడదు. మా సంఘ పెద్ద ఆంబ్రోస్ టల్ గారు కౌన్సిల్ చుట్టూ రెండేళ్ళు తిరిగి ఒక దారి సంపాదించారు: నదిలో రేవు గుంజ నుంచి రైలు వంతెన దాకా ఈదాలి, కాలు నేలకు ఆనకూడదు, ఒక పెద్దా ఒక తోటి స్కౌటూ చూసి, ఇద్దరూ సాక్ష్యం రాయాలి.

1952 జులైలో నాకూ, నా ప్రాణస్నేహితుడు హోసియా క్రెన్షాకూ మిగిలింది ఆ ఒక్క బ్యాడ్జీయే. మొదటి వారం నేను ఈదాను. హోసియా ఒడ్డు వెంట పరిగెత్తుతూ చూసి, నా కాగితం మీద సంతకం పెట్టాడు. రెండో వారం వాడు ఈదాడు. నాకంటే వేగంగా, నాకంటే అందంగా ఈదాడు. నది మధ్య ఇసుక మేట దగ్గర కాలు ఆనించాడా అని కాగితం అడిగింది. ఆనించలేదు. నేను చూశాను. ‘ఎండ కళ్ళలో పడింది, చెప్పలేను’ అని రాశాను.

మా కాగితాలు రెండూ కలిపే కౌన్సిల్‌కు వెళ్ళాలి, అక్షరాల వరసలో వాడి పేరే ముందు. వాడి మీద నాకు కోపం లేదు. మొదటివాడు ఒక్కడే ఉంటాడు, ఆ ఒక్కడూ నేనే కావాలనుకున్నాను. అంతకు మించి కారణం వెతికితే దొరకదు. కౌన్సిల్‌వాళ్ళు వాడి కాగితం తిప్పి పంపారు. తర్వాత నదికి వరద, అక్టోబరులో వాడికి పద్దెనిమిదేళ్ళు నిండాయి, గడువు అయిపోయింది.

వాడు నన్ను ఒక్క మాట అనలేదు. ఊళ్ళో క్షవరశాల పెట్టుకున్నాడు. నేను మాత్రం ఆ కుర్చీలో కూర్చుని అద్దంలో వాడి మొహం చూడలేక యాభై ఏళ్ళు పక్క ఊరికి వెళ్ళి జుట్టు కత్తిరించుకున్నాను. మాకేదో గొడవని ఊరంతా అనుకుంది. తప్పు చేసిందీ నేనే, మొహం చాటేసిందీ నేనే. నలభై ఏళ్ళు పిల్లల ముందు నిలబడి స్కౌటు నమ్మదగినవాడని ప్రమాణం చేయించిందీ నేనే.

పతకం చర్చికి ఇస్తున్నాను. పక్కన ఈ చీటీ పెట్టాలి: ‘ఈ ఊరి రెండో ఈగిల్ పతకం. మొదటిది ఇవ్వలేదు.’

6. హోసియా క్రెన్షాకు ఏమీ రాయడం లేదు. వీలునామాలో ఏదైనా దక్కేవాడు సాక్షిగా ఉంటే తర్వాత పేచీ వస్తుందని లాయరు అన్నాడు. నాకు వాడు సాక్షిగానే కావాలి.

7. (కొట్టివేయబడింది) నా తదనంతరం, పూడ్చిపెట్టే ముందే, హోసియా కాలు ఆనలేదని నేను రాసి ఉంచిన సాక్ష్యపు ఉత్తరాన్ని లవీనియా కౌన్సిల్‌కు చేర్చాలి. అది అందేదాకా నన్ను మార్చురీలోనే ఉంచాలి. ఆలస్యం నాకు అలవాటే.

8. పై ఏడో అంశం ఈ ఉదయం నా చేత్తోనే కొట్టేశాను. కాగితం మళ్ళీ శుభ్రంగా టైపు చేయిస్తానని లాయరు అన్నాడు, నేను ఒప్పుకోలేదు. కొట్టివేత కనబడాలి. సాక్షి లోపలి సంగతి చదవక్కర్లేదని ఆయన ఎంత చెప్పినా, సంతకానికి ముందు హోసియా చేత మొత్తం చదివించాను. వాడు కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాడు. ఇసుక మేట అన్న మాట మీద వేలు పెట్టి కాగితం నా వైపు తిప్పాడు.

“నీకు ధైర్యం రావాలంటే నువ్వు చావాలంట్రా?” అన్నాడు. “ఈలోపు నేనే పోతే ఆ కాగితం ఎవడికి చూపిస్తావు?”

లవీనియా వెంటనే, “మావయ్యా, పుస్తకం వచ్చే నెల అచ్చుకు వెళ్తోంది. కారు బయటే ఉంది,” అంది.

కాబట్టి సంతకాలు కాగానే ఆ ఉత్తరం నేనే తీసుకెళ్ళి కౌన్సిల్ ఆఫీసులో బాయ్కిన్ గారి చేతికి ఇస్తాను. ముప్పై నాలుగేళ్ళు ఊరందరి ఉత్తరాలూ గడపగడపకూ చేర్చాను. నా చేతిలో ఆగిపోయింది ఇదొక్కటే. దారిలో ఒకచోట ఆగమని హోసియా అన్నాడు. పక్క ఊరివాడు నా తలను నాశనం చేశాడట, అలా వెళ్తే ఎవరూ నమ్మరట. వాడి కుర్చీలో కూర్చుంటానని ఇక్కడే రాసిస్తున్నాను. నాకు భయంగా ఉంది, సంతోషంగానూ ఉంది.

9. నా అంత్యక్రియల్లో బాయ్కిన్ గారు బ్యూగిల్ ఊదకూడదు. ఒకసారి విన్నాం, చాలు.

ఇందులో ఉన్నదంతా నాకు తెలిసి నిజం. 2009 మే 14, గురువారం, పర్డీస్ ఫెర్రీ.

(సంతకం) రూఫస్ ఎల్బర్ట్ పెటిగ్రూ

సాక్షులు:

మొదటి సాక్షి: ఇర్మా డాబ్నీ, లాయరు గారి గుమాస్తా. నా సమక్షంలో సంతకం చేశారు.

రెండో సాక్షి: హోసియా క్రెన్షా, క్షురకుడు. కిటికీలోంచి ఎండ సూటిగా నా కళ్ళలో పడుతోంది. అయినా రూఫస్ సంతకం చేయడం నేను స్పష్టంగా చూశాను.