గరాజ్ తలుపు పక్కన బ్యాగ్

ఏమండీ,

నిన్న సాయంత్రం మన అరోరాలో సుడిగాలి వస్తోందని టోర్నడో సైరన్ మోగింది. గరాజ్ తలుపు పక్కన మీరు సర్దిపెట్టిన ఎమర్జెన్సీ బ్యాగ్ పట్టుకుని నేనూ అమ్మాయీ బేస్‌మెంట్‌లోకి దిగాం. మీరు పోయాక దాన్ని తెరవడం ఇదే మొదటిసారి. తాడు, విజిల్, మందుల పెట్టె మీరు పెట్టిన చోటే ఉన్నాయి. టార్చి వెలగలేదు. ఏటా రెండుసార్లు ఇక్కడ గడియారాలు గంట ముందుకీ వెనక్కీ మార్చే రోజునే మీరు బ్యాటరీలూ మార్చేవారు. నేను గడియారాలు మాత్రం మార్చాను.

అమ్మాయి బ్యాగ్‌లోంచి కారప్పూస డబ్బా తీసి వాసన చూసి, "అమ్మా, ఇది స్పాయిల్ అయింది, పడేయనా?" అంది.

ఇవాళ బ్యాగ్ మళ్లీ సర్దేసరికి నడుం పట్టేసింది. మ్యాచ్ చూస్తూ మీరు ఆ కారప్పూస తినేసినప్పుడల్లా, సుడిగాలొస్తే ఏం తింటామని సణుగుతూ మళ్లీ నింపేదాన్ని. మీరున్నన్నాళ్లూ అది ఒక్కసారీ పాతబడలేదు.