పది సెకన్లకే ఆపేసిన గీత

ప్రియమైన అక్కకి,

నీ నాలుగు ఉత్తరాలూ అందాయి. శనివారం నీ భుజం ఆపరేషన్‌కి పక్కన ఉండమని అన్నిట్లోనూ ఒకటే మాట. రావాలనే ఉంది, కానీ ల్యాబ్‌లో ఈ నత్త నన్ను కదలనిచ్చేలా లేదు. దాని నాడీకణంలో న్యూరోపెప్టైడ్ అని ఒకటి తయారవుతుంది. చిన్న ప్రోటీన్ ముక్క, ఇతర కణాలకు కబురు మోస్తుంది. కణాన్ని కరెంటుతో ఒకసారి తట్టి, పక్క కణం పలుకుతుందేమోనని రికార్డర్ కాగితం మీద గీసే గీత చూస్తాను. పది సెకన్లయినా గీత చలించదు. ఆపేసి మళ్ళీ మొదలు. నెలన్నరగా ఇదే! శుక్రవారానికి ఫలితం చూపించకపోతే నా ప్రయోగం ఆపించేస్తానని మా ల్యాబ్ పెద్దాయన తెగేసి చెప్పాడు. తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తోంది.

నీ చిట్టెలుక

చిట్టెలుకా,

నత్తకున్న విలువ నాకు లేదన్నమాట. సరే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు దాన్నెందుకు తిడతావు? ఒకసారి తలుపు తట్టి, పది లెక్కపెట్టి వెళ్ళిపోయేవాళ్ళు మా షాపుకీ వస్తారు. నేను కుట్టుమిషన్ దగ్గర్నుంచి లేచి, చెప్పులు వేసుకుని వచ్చేసరికి మనిషి ఉండడు.

మీ అక్క

అక్కా,

తలుపులూ చెప్పులూ అంటూ నాకు సైన్స్ నేర్పుతావా? నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. కరెంటు మీటని టకటకా ఇరవైసార్లు నొక్కి, అన్నీ అలాగే వదిలేసి, క్యాంటీన్‌లో కూర్చుని ఇది రాస్తున్నాను. శనివారం రాను. ఇక అడగకు.

చెల్లి

నా బంగారు అక్కా,

ఆ ఉత్తరం డబ్బాలో వేసి తిరిగొచ్చాను. కోపంలో రికార్డర్ ఆపడం మర్చిపోయానే! గీత మెల్లగా లేచి, కొండెక్కి, ఇంకా దిగలేదు. పక్క కణం గీతే కాదు, దూరంగా ఉన్న మరో రెండు కణాల గీతలూ లేచాయి. మళ్ళీ వరసగా తట్టి చూశాను, మళ్ళీ లేచింది. ఈ పెప్టైడ్ ఒక్క దెబ్బకి బయటికి రాదు. వదలకుండా తడితే వస్తుంది, నెమ్మదిగా దూరం పాకుతుంది, నిమిషాల తరబడి పనిచేస్తుంది. చటుక్కున చేరే కబుర్లకి అలవాటుపడి, పది సెకన్లకే ఆపేసిన మొద్దుని నేనే.

శనివారం మళ్ళీ చేసి చూపమన్నాడు పెద్దాయన. కుదరదన్నాను. నాలుగుసార్లు అడిగించుకున్నందుకు సిగ్గుగా ఉంది అక్కా. శుక్రవారం సాయంత్రం వచ్చి తలుపు తడతాను. నెమ్మదిగా చెప్పులు వేసుకునే రా. నేనెక్కడికీ పోను.

నీ చిట్టెలుక