హీటరు నీళ్ళలో కరెంటు

శంషాబాద్, బుధవారం రాత్రి

 ఎడమ పక్క పక్షవాతం వచ్చాక అత్తయ్యగారి వ్యాయామం కోసం పెరట్లో చిన్న పూల్ కట్టించి, నీళ్ళు వేడెక్కడానికి హీటరు పెట్టించాం. రోజూ రబ్బరు చెప్పులతో నిలబడి ఆవిణ్ణి దింపేదాన్ని. ఇవాళ ఉత్తికాళ్ళతో ఉన్నాను. వేడి చూద్దామని నీళ్ళలో చెయ్యి పెట్టగానే మోచేతి దాకా జివ్వుమంది. మెట్టు దిగబోతున్న అత్తయ్యగారి రెక్క పట్టుకుని వెనక్కి లాగేశాను.

కొత్తూరు నుంచి వచ్చిన మెకానిక్ యాదగిరి హీటరు విప్పి చూశాడు.

"లోపల కాయిల్ పగిలిందక్కా. కరెంటు నీళ్ళల్లకు దిగుతున్నది. కాయిల్ ఒక్కటి మార్చినా నడుస్తది గానీ, లోపలంత తుప్పు పట్టింది. మళ్ళ గిట్లయితే పానం పోతది."

"కొత్తదే పెట్టండి," అన్నాను. మావారిని అడగను కూడా లేదు.

పగులు ఇవాళ్టిది కాదట. అది విన్నప్పటి నుంచీ నాకు స్థిమితం లేదు. సాయంత్రం అత్తయ్యగారిని అడిగాను, ఇదివరకెప్పుడైనా తేడాగా అనిపించిందా అని.

ఆవిడ సిగ్గుగా నవ్వారు. "కొన్నాళ్ళుగా నీళ్ళలో దిగితే ఎడమ కాలు జివ్వుమంటోందమ్మా. ప్రాణం వస్తోందేమో అనుకున్నా. పూర్తిగా వచ్చాక చెబుదామని..."

అది కరెంటని ఆవిడకి చెప్పలేకపోయాను. పక్క గదిలో మెలకువగానే ఉన్నారు, కాలు కదిపి చూసుకుంటున్నారు.