రెయిలింగు లేని ఆదివారం

బెజవాడ,
12-9-75.

ప్రియమైన మీకు,

ప్రభువు పేరిట మీ రూతు వందనాలు చెప్పి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. భిలాయిలో మీరూ క్షేమమని తలుస్తాను. మీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు కోప్పడకండి. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చింపేశాను.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. పాపకు దగ్గు తగ్గింది. బళ్లో వేశాం. వెళ్లేటప్పుడు ఏడుపు, వచ్చేటప్పుడు పాట. కిరసనాయిలు దొరుకుతోంది గానీ క్యూలో గంటన్నర నిలబడాలి. అత్తయ్యగారి కళ్లలో శుక్లాలు బాగా ముదిరాయి. మనిషిని గొంతును బట్టి గుర్తుపడుతున్నారు. ఆ మాట అంటే మాత్రం ఒప్పుకోరు.

ఇక మెట్ల రెయిలింగు సంగతి. పాప దాన్ని పట్టుకుని ఊగుతోందని నేను రాసినప్పటి నుంచి మీకు నిద్ర పట్టడం లేదని, ఆ పుచ్చిన చెక్క తీయించి ఇనుప గొట్టాలది పెట్టించమని రాశారు. తీయించాను.

అత్తయ్యగారికి అదంటే ఎంత ప్రాణమో మీకు తెలియనిది కాదు. చల్లపల్లిలో ఎవరిదో పాత మేడ పడగొడుతుంటే మామయ్యగారు కొని, ఎడ్లబండి మీద తెచ్చిన టేకు. తన ఊపిరి ఉండగా దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదన్నారు. ఆవిడతో వాదించే ధైర్యం నాకెప్పుడుంది గనుక? అందుకని వదినగారిని చూడ్డానికి ఆవిడ మైలవరం వెళ్లేదాకా ఆగాను. మంగళవారం తిరిగి వస్తానన్నారు. శనివారం వడ్రంగి హనుమయ్య వచ్చి, మధ్యాహ్నానికల్లా మొత్తం ఊడదీశాడు. మెట్లు చూస్తే నాకే కళ్లు తిరిగాయి. పాప అటు పోకుండా కింద బల్ల అడ్డం పెట్టాను.

ఆటోనగర్‌లో చేయించిన ఇనుప రెయిలింగు ఆ సాయంత్రమే వచ్చింది. ఆదివారం పొద్దున్నే వచ్చి బిగించేస్తానన్నాడు హనుమయ్య. నేనే వద్దన్నాను. ఆరాధన రోజున మనింట్లో సుత్తి చప్పుడా, సోమవారం రమ్మన్నాను. అతను మెట్ల వైపు ఒకసారి చూసి, సరేనండి అని వెళ్లిపోయాడు.

అత్తయ్యగారు ఆదివారం మధ్యాహ్నమే వచ్చేశారు. మైలవరం నుంచి ఎవరిదో కారు వస్తుంటే ఎక్కేశారట.

పైన క్షేమమని రాశాను. అలవాటు కొద్దీ చెయ్యి రాసేసింది. అత్తయ్యగారు పడిపోయారండి. మీకు తెలుసుగా, పై గదికి వెళ్లేటప్పుడు చేతిలో సంచీతో గోడ పక్కగా ఎక్కి, ఏడో మెట్టు మీద రెయిలింగుకు ఆనుకుని ఆయాసం తీర్చుకుంటారు. ఆవేళా అలాగే ఆనుకోబోయారు. తుంటి ఎముక విరిగింది. ఐదు రోజులుగా ఆసుపత్రిలో ఉన్నాం. షుగరు ఎక్కువగా ఉందని ఆపరేషను వచ్చే శుక్రవారానికి పెట్టారు. ఈ వయసులో మత్తుమందు తట్టుకోగలరో లేదో చెప్పలేమన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

ఇప్పుడు రాయబోయేది ఎవరికీ చెప్పలేదు. ఆవిడ వచ్చినప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. "అమ్మాయ్, వచ్చేశానే" అన్న గొంతు వినిపించింది. రెయిలింగు తీసేశామని అక్కడికక్కడే చెప్పాలి. నోరు తెరిచాను కూడా. తిడతారని భయమేసింది. ఎండన పడి వచ్చారు, కాఫీ ఇచ్చాక నెమ్మదిగా చెబుదాములే అనుకున్నాను. పొయ్యి మీద పాలు పెట్టాను. అడ్డం పెట్టిన బల్ల జరిపిన చప్పుడు విన్నాను. అప్పుడైనా పిలవొచ్చు. పిలవలేదు. పాలు ఇంకా పొంగనే లేదు, చప్పుడైంది.

చూడవచ్చిన వాళ్లందరికీ అత్తయ్యగారు ఒకటే మాట చెబుతున్నారు: "నేనే తీయించమన్నానండీ, పుచ్చిపోయిందని. నేనే మర్చిపోయి ఆనుకున్నా." పాస్టరుగారికీ అదే చెప్పారు. నాతో మాత్రం నిన్నటిదాకా ఒక్క మాట లేదు. మంచినీళ్లిస్తే తాగేవారు, అంతే. అంతకంటే తిట్టినా బాగుండేది.

టెలిగ్రాం ఇద్దామని మైలవరం నుంచి వచ్చిన వదినగారంటే, దారంతా హడలిపోతాడు వద్దన్నారు అత్తయ్యగారు. ఇవాళ పొద్దున వదినగారు పాలకు వెళ్లినప్పుడు నన్ను దగ్గరకు రమ్మన్నారు. నా చెయ్యి కోసం గాలిలో వెతుక్కుంటుంటే నేనే అందించాను.

"వాడికి రాసెయ్యి. ఉన్నదున్నట్టు రాయి. నువ్వు వంటింట్లో ఉండి పిలవలేదని నాకు తెలుసు. వాడికి కోపమొస్తే సర్దిచెప్పడానికి ఇప్పుడైతే నేనున్నా. నేను పోయాక తెలిస్తే నీ తరపున ఎవరు మాట్లాడతారే?" అన్నారు.

నాకు చాలా భయంగా ఉందండి. ఆవిడకేమవుతుందోనని భయం, మీరేమంటారోనని భయం. ఈ ఉత్తరం మంగళవారానికి అందాలి. అందగానే సెలవు పెట్టి బయల్దేరండి. నన్ను ఏమన్నా పడతాను. కానీ ఇంటికి తీసుకెళ్లి అనకండి. శుక్రవారం లోపు, ఆ మంచం పక్కనే నిలబడి, అత్తయ్యగారు వింటుండగా అనండి.

ఇట్లు,
మీ రాకకై చూస్తుండే మీ భార్య,
రూతు.