నాన్న మాట, నా కరపత్రం

అమ్మకి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ, నాన్నా, నానమ్మా క్షేమం. ఈ మాట రాయకపోతే ఉత్తరం మొదలైనట్టు కాదు కాబట్టి రాశాను. అందులో ఎంత నిజముందో చివరికొచ్చేసరికి నువ్వే తేల్చుకో. పిన్నికి కుట్లు విప్పారనీ, గోడ పట్టుకోకుండా నాలుగడుగులు వేస్తోందనీ రాశావు. మనసు కుదుటపడింది. పిన్ని పిల్లలు నిన్ను వదిలి ఉండలేకపోతున్నారా? మరీ అంత అలవాటు చెయ్యకు. నీ సొంత పిల్ల ఇక్కడ కుళ్ళుకుంటోంది.

ఇవన్నీ ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోను నానమ్మ చెవి దగ్గర్నుంచి నాన్న చెవికీ, అక్కణ్నుంచి నా చెవికీ వచ్చేసరికి నీ ఓపిక అయిపోతుంది. పైగా ఇప్పుడు రాయబోయేది నాన్న పక్కనుండగా చెప్పగలిగేది కాదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నానమ్మ కంటి చుక్కలు వేళకి పడుతున్నాయి. వేసేటప్పుడు నన్ను తిట్టిన తిట్లు కూడా వేళకే పడుతున్నాయి. మేడమీద ట్యాంకు కడిగించాను. పక్కింటావిడతో గొడవ పడలేదు, ఒక్కసారి తప్ప. నేను పనిమనిషికి సెలవిస్తే, ఎందుకు, జబ్బు చేసిందా అని అడిగిందావిడ. జబ్బు చేస్తేనే సెలవిస్తే మిగతా రోజులు ఆమె మనిషి కాదా అన్నాను. అంతే. అది గొడవ కాదు, చర్చ.

సెలవుల్లో ఖాళీగా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవద్దనీ, పనికొచ్చేదేదైనా చెయ్యమనీ రాశావు. అమ్మా, ఆ మాట చదివి నాకెంత మండిందో తెలుసా? నా స్నేహితులంతా కొండవాలు పల్లెల్లో పిల్లలకి చదువు చెప్పడానికి వెళ్ళారు. సంచి సర్దుకున్న రోజే పిన్నికి ఆపరేషన్ అన్నావు, వంటిల్లు నాకప్పగించి బస్సెక్కావు. లోకాన్ని మారుద్దామనుకున్నదాన్ని, పోపు మాడకుండా చూసుకుంటూ కూర్చున్నాను. అయినా ఊరుకోలేదు. గోడకి టైంటేబుల్ అంటించాను. తెల్లవారగానే వ్యాయామం, తర్వాత చదువు, మధ్యాహ్నం టైపు నేర్చుకోవడం, సాయంత్రం రాత. నానమ్మ దాని ముందు నిలబడి, కళ్ళద్దాలు పైకెత్తి చూసి, "ఇందులో అంట్లు ఎక్కడున్నాయే?" అంది. లేవని చెప్పాను. "అయితే ఇది ఎవరింటిదో తెచ్చి మనింట్లో అంటించావు" అంది.

నా దగ్గరున్న కరపత్రాల్లో ఒకదాని మొదట్లో, 'నీ గడప తెలియకుండా లోకం గురించి మాట్లాడకు' అని ఉంది. అది చదివాకే అనిపించింది, ఇంట్లో ఇరుక్కున్నానని ఏడవడమెందుకు, ఈ ఇంటినే పరిశీలిద్దామని. నీ బదులు నేనే రోజూ నాన్నకి క్యారియర్ తీసుకెళ్ళేదాన్ని కదా. నాన్న పనిచేసే లాండ్రీ లోపల అంతకుముందెప్పుడూ చూడలేదు నేను. నువ్వు చూశావు. ఎప్పుడూ చెప్పలేదేం? ఆసుపత్రి దుప్పట్లు కొండల్లా పోసి ఉంటాయి. దుమ్ము పడుతుందని కిటికీలన్నీ బిగించి ఉంటాయి. ఆ ఆవిర్లో ఇస్త్రీ బల్లల ముందు ఆడవాళ్ళు వరసగా నిలబడి, మొహం తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఖాళీ లేక భుజానికి రాసుకుంటున్నారు. వాళ్ళందరిలో పెద్దామెని అందరూ పెద్దక్క అంటారు. మేనేజరుని మాత్రం చాటుగా 'గంజి' అంటారు. నలగడు, వంగడు. నాన్న బాయిలర్ గదిలోంచి వచ్చి క్యారియర్ అందుకుని, "పోవే, ఇక్కడ నీకేం పని" అనేవాడు.

అసలు సంగతికొస్తున్నాను. లాండ్రీ మరమ్మతుల కోసం మూశారని నాన్న నీకు ఫోన్లో చెప్పాడు. అది సగం నిజం. తక్కిన సగం నేను రాస్తున్నాను.

ఒక సాయంత్రం నాన్న భోంచేస్తూ చెయ్యి ఆపేసి కూర్చున్నాడు. నానమ్మ గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. బాయిలర్ మీద సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. ఆవిరి మితిమీరితే దానంతటదే లేచి బయటికి వదిలేస్తుంది. పాత బాయిలర్ కాబట్టి తొందరగా లేస్తోంది. లేచినప్పుడల్లా పని ఆగుతోంది. ఆసుపత్రి పని పెరిగింది. అందుకని గంజి తన మనిషినొకణ్ని వెంటబెట్టుకొచ్చి, ఆ వాల్వ్ కమ్మీకి తీగతో ఇంకో ఇనప దిమ్మ కట్టించాడు. ఇప్పుడది లేవదు. ఆవిరి లోపలే ఉంటుంది.

"నువ్వు చూస్తూ ఊరుకున్నావా?" అన్నాను. నా గొంతు వీధిలోకి వినపడిందని నానమ్మ తలుపేసింది.

"ఊరుకోలేదు. వద్దన్నాను. వినలేదు."

"అయితే నువ్వే విప్పి పారెయ్!"

"పారేస్తే మర్నాటికి ఆ గదిలో ఇంకొకడుంటాడు. వాడికి దాని రోగాలు తెలీవు. నేనైతే మంట తగ్గిస్తూ, ఆవిరి కొలిచే ముల్లు చూసుకుంటూ నెట్టుకొస్తున్నా. నేనక్కడ ఉండబట్టే అది ఇంకా బాయిలర్‌లా ఉంది."

"అంటే వాళ్ళందరి ప్రాణాలూ నీ కళ్ళమీద వేలాడుతున్నాయా? కన్నార్పితే?"

నాన్న పళ్ళెంలో చెయ్యి కడిగేసుకున్నాడు. పిరికివాడన్నాను, అమ్మా. మొహం మీదే అన్నాను. నానమ్మ గరిటె ఎత్తింది గానీ కొట్టలేదు.

మర్నాడే కరపత్రం రాయడానికి కూర్చున్నాను. దిమ్మ సంగతంతా పెట్టి, నాకు తెలిసిన పెద్ద మాటలన్నీ వాడాను. శ్రమశక్తి అన్నాను, లాభాపేక్ష అన్నాను, నిరంకుశత్వం అన్నాను. అంతా చదివి చూసుకుంటే ఎక్కడో చప్పగా ఉంది. చివర్న ఒక మంచి వాక్యం కావాలనిపించింది. 'ఆవిరికి దారివ్వకపోతే అదే దారి చేసుకుంటుంది' అని రాశాను. ఎంత బాగుందో అని మురిసిపోయాను. అది నాన్న వాక్యమని, కొత్తగా పనిలో చేరిన ప్రతి మనిషికీ నాన్న మొదటిరోజు చెప్పే మాట అదేనని, లాండ్రీలో తెలియనివాళ్ళు లేరని నాకు తట్టలేదు. చిన్నప్పట్నుంచీ వింటున్న మాట కదా, నాదే అనుకున్నాను. కింద పేరు పెట్టకుండా, చివర్న నాన్న మాట పెట్టి పంచాను.

గేటు దగ్గర పొద్దున షిఫ్టు వాళ్ళ చేతుల్లో పెట్టి వచ్చేశాను. మధ్యాహ్నం క్యారియర్ తీసుకెళ్ళేసరికి ఒక్కరు కూడా లోపల లేరు. అంతా గేటు బయట నేలమీద కూర్చున్నారు. పెద్దక్క తనిఖీ ఆఫీసుకి ఫోన్ చేసేసిందట. నన్ను చూసి, "మీ నాన్న ఇన్నాళ్ళకి నోరు విప్పాడమ్మా" అంది. కరపత్రం నేను రాశానని వాళ్ళు అనుకోవడం లేదు. నాన్న రాశాడనుకుంటున్నారు.

బాయిలర్లు తనిఖీ చేసే అధికారి ఆ సాయంత్రమే వచ్చాడు, నేనింకా అక్కడే ఉన్నాను. ఆలోగా గంజి దిమ్మ విప్పించేశాడు. ఆవరణలో అందర్నీ నిలబెట్టి కాగితం పైకెత్తి, "ఇది ఎవరు రాశారు?" అన్నాడు అధికారి.

"నేనండి" అన్నాడు నాన్న.

గంజి నవ్వాడు. "అలాగా? అయితే చదువు. నీ రాతేగా."

నాన్న చదవడం మొదలుపెట్టాడు. శ్రమశక్తి దాకా బాగానే వచ్చాడు. నిరంకుశత్వం దగ్గర నాలుక తట్టుకుంది. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ తట్టుకుంది. ఆ మాట నేనెందుకు రాశాను? 'ఇష్టారాజ్యం' అంటే సరిపోదా? "చూశారా సార్, సొంత రాత చదవలేకపోతున్నాడు" అన్నాడు గంజి. నేను ముందుకి ఒక అడుగు వేశాను. నాన్న నావైపు చూసిన చూపుకి అక్కడే ఆగిపోయాను.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అక్షరాలు మా అమ్మాయివండి. మాట నాది. నేను చెబితే అది రాసింది. కాలేజీ పిల్ల కదా, దాని బడాయి కొంచెం పడింది" అన్నాడు. ఆడవాళ్ళు నవ్వారు. నవ్వుతూనే పెద్దక్క, "రాత ఎవరిదైతే ఏంటి సారూ, లోపలికెళ్ళి వాల్వ్ చూడండి ముందు" అంది.

అధికారి చూశాడు. కమ్మీ అంతా మసిపట్టి ఉంటే, తీగ కట్టినచోట మాత్రం ఇనుము తళతళలాడుతోందట. బాయిలర్‌కి సీలు వేసి, పరీక్షలయ్యేదాకా వెలిగించకూడదన్నాడు. నేను గెలిచాననుకున్నాను, అమ్మా. ఇంటికి దాదాపు ఎగురుకుంటూ వచ్చాను.

గెలుపు మర్నాటిదాకా కూడా నిలవలేదు. పెద్దక్క మన గుమ్మంలోకి వచ్చింది. "మంచి పనే చేశావమ్మా. ప్రాణాలు దక్కాయి. మరి బాయిలర్ వెలిగేదాకా మేమేం తిని బతకాలో నీ కాగితంలో ఎక్కడుంది?" అంది. తిట్టడానికి కాదు, నిజంగానే అడిగింది. నానమ్మ లేచి ఆమెకి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, "దీనికి ప్రశ్నలు రాయడమే వచ్చు తల్లీ, జవాబులు ఇంకా నేర్పలేదు కాలేజీలో" అంది. ఇప్పుడు రోజూ పొద్దున్నే వాళ్ళతో కలిసి వేరే లాండ్రీలకి తిరుగుతున్నాను, కొన్నాళ్ళకైనా పని ఇవ్వమని అడగడానికి. ఇద్దరికి దొరికింది. ఇంకా చాలామందికి దొరకాలి.

అసలు దెబ్బ తర్వాత పడింది. గంజి అధికారికి ఎదురు ఫిర్యాదు ఇచ్చాడు. దిమ్మ కట్టింది నాన్నేనట. మాటిమాటికీ లేచి చూసుకునే బద్ధకంతో తనే కట్టుకుని, సంగతి బయటపడేసరికి కూతురి చేత కాగితం రాయించి తప్పు పైవాళ్ళ మీదికి తోశాడట. బాయిలర్ నాన్న చేతికింద ఉంది కాబట్టి, ఆ మాట నిలిస్తే ఉద్యోగం ఒక్కటే కాదు, లైసెన్సు పోతుంది, కేసు కూడా అవుతుంది. అందుకే అధికారి నన్ను సోమవారం ఆఫీసుకి రమ్మన్నాడు. నేను రాసి సంతకం పెట్టాల్సింది ఒక్కటే. దిమ్మ సంగతి బయటపెట్టమని మీ నాన్న చెప్పాడా, దాచమని చెప్పాడా?

ఇప్పుడు నీకు ఇందాకట్నుంచీ దాస్తున్నది చెప్పాలి. ఆ సాయంత్రం నేను పిరికివాడన్నాక నాన్న లేచి వెళ్ళిపోలేదు. నా దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. "ఇది ఇంట్లో మాట. గడప దాటదని నా చేతిలో చెయ్యి వెయ్యి" అన్నాడు. వేశాను. తడి చేతిలో చెయ్యి వేసి, మాటిచ్చి, ఆ చేత్తోనే మర్నాడు కరపత్రం రాశాను. రాయడం తప్పనుకోవడం లేదు. ఇప్పుడైనా రాస్తాను. కానీ మాట ఇవ్వనని మొహం మీద చెప్పి రాసి ఉండాల్సింది. అప్పుడు నాన్నకి సిద్ధపడే వ్యవధైనా ఉండేది. అంత ధైర్యం నాకు లేకపోయింది. పిరికివాళ్ళెవరో చూడు.

అడిగింది అడిగినట్టు చెబితే, 'దాచమన్నాడు' అన్నదే నిజం. ఆ ఒక్క మాట చాలు గంజికి. తప్పు చేసినవాడే దాచమంటాడు అంటాడు. నాన్న ముందుగా మేనేజరుకి వద్దని చెప్పాడనడానికి గంజి మనిషీ, నాలుగు గోడలూ తప్ప ఇంకో సాక్ష్యం లేదు.

నిన్న మధ్యాహ్నం నాన్న వాకిట్లో కూర్చుని గోడ చూస్తున్నాడు. పనిరోజు మధ్యాహ్నం నాన్నని ఇంట్లో చూడటం నాకు ఊహ తెలిశాక ఈ రోజుల్లోనే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చున్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"సోమవారం ఏం రాయమంటావు నాన్నా?"

"నీకెప్పుడు నేను చెప్పాలి, ఏం రాయాలో?"

"వేళాకోళం కాదు."

వాకిట్లోని చెప్పులన్నీ జతలు జతలుగా సర్దిపెట్టాడు. తర్వాత, "నేను నిన్ను చెప్పమనలేదు. చెప్పమని ఉండాల్సింది. ఆ రెండిట్లో ఏది రాస్తావో నీ ఇష్టం. ఏది రాసినా నిన్నేమీ అనను" అన్నాడు. లేచి లోపలికెళ్ళి, నానమ్మ మంచం కోడు ఊగుతోందని సుత్తి వెతికాడు.

అమ్మా, అబద్ధమాడేవాళ్ళని చూస్తే నా వొళ్ళు మండుతుందని నీకు తెలుసు. పండుకి బదులు కాయిచ్చాడని అంగడివాడితో నడివీధిలో పోట్లాడినదాన్ని. రేపే సోమవారం. ఆ ఆఫీసులో కూర్చుని, 'మా నాన్నే చెప్పమన్నాడు' అని నా చేత్తో రాసి సంతకం పెట్టబోతున్నాను. కళ్ళు దించకుండా పెడతాను. నాన్న ఇంకా నీకు ఇదేమీ చెప్పలేదు. కాగితం ముందేసుకుని రెండుసార్లు కూర్చున్నాడు, నీ పేరు రాసి లేచిపోయాడు. కోపం వస్తే నామీద చూపించు. వద్దని చెప్పడానికి మాత్రం నీకు వీలుండదు. ఇది నీకు అందేసరికి సంతకం అయిపోయి ఉంటుంది. అలా చూసుకునే పోస్టు చేస్తున్నాను.

జరిగింది జరిగినట్టు ఎక్కడో ఒకచోట ఉండాలి. ఆఫీసులో ఉండదు, లాండ్రీలో ఉండదు. నీ దగ్గర ఉంచుతున్నాను.

పిన్నికి, పిల్లలకి నా ముద్దులు.

ఇట్లు,
నాన్న చేతిలో చెయ్యి వేసి తీసేసుకున్న
నీ కూతురు