నరసరావుపేట ఆసుపత్రికి పోతున్నాం

ఏమయ్యా,

నొప్పులు ముందే మొదలయ్యాయి. మంత్రసాని ఆదెమ్మవ్వ చూసి, "బిడ్డ అడ్డం తిరిగిందే. ఇంక నా వల్ల కాదు, పేట ఆసుపత్రికి తీసకపోండి" అంది. పక్కింటి మౌలాలీ మామ బండి కడుతున్నాడు. అత్తమ్మ నాతోనే వస్తోంది.

మీరు రాళ్ళ పని నుంచి రాగానే ముందు అన్నం తినండి. ఉట్టి మీద జొన్నన్నం, గోంగూర పచ్చడి ఉన్నాయి. గేదెకు కుడితి పెట్టి, ఇంటి తాళం ఎదురింటి కుల్సుం పిన్నికిచ్చి రండి. ఖాళీ కడుపుతో మాత్రం పరుగెత్తుకు రాకండి.

రెండో బిడ్డను పూడ్చిన రోజు నుంచి మీరు చర్చి గడప తొక్కలేదు. మొన్న నేను ప్రార్థన చేసుకుంటుంటే, "ఇంకా ఏందే ఆయన్ని అడిగేది?" అన్నారు. నాకు చానా బాధేసింది. ఇప్పుడు చెబుతున్నా. ఈ బిడ్డను బతికించమనే అడుగుతున్నా. బతుకుతుందో లేదో నాకూ తెలియదు. అయినా ముందున్నది ప్రభువు చూసుకుంటాడని బండెక్కుతున్నా. మీకు నమ్మకం కుదరకపోతే పోనీండి. వచ్చి నా పక్కన కూర్చోండి, చాలు.

కరుణమ్మ

మరిచాను. ముందు పుట్టిన ఇద్దరూ పేరు లేకుండానే పోయారు. "బతికితే పెడదాంలే" అన్నారు మీరు. ఈసారి అట్లా వద్దు. దారిలో ఆడపిల్లకొక పేరు, మగపిల్లాడికొక పేరు అనుకొని రండి.