రెండుసార్లు తొక్కాల్సిన బ్రేకు

శనివారం, రాత్రి

మూడేళ్లు జీడిమెట్ల షెడ్డులో బాగుచేసిన పాత ఫోర్‌వీల్ డ్రైవ్ జీపును ఈ సాయంత్రం అమ్మేశాను. కొన్న గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ ఆయన టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, తానే నడుపుకుంటూ వెళ్లాడు. "జర పైలం సార్" అన్నాను, అంతే.

ఇంటికొస్తుంటే సిగ్నల్ దగ్గర నా కారు బ్రేకును నా కాలు రెండుసార్లు తొక్కింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ జీపుకు మొదటిసారి తొక్కితే బ్రేకు పట్టదు. ఎంత చేసినా అదొక్కటే కుదరలేదు. నా కాలికి అలవాటైపోయి, నోటితో చెప్పడం మరిచాను.

కారు పక్కకు ఆపాను. ఫోన్ మీద ఫోన్ చేస్తే చివరికి ఆయన భార్య ఎత్తింది.

"ఫోన్ ఇంట్లో మర్చిపోయారండి. పిల్లల్ని జీపెక్కించుకుని ఫ్లైఓవర్ మీద ఒక రౌండ్ కొట్టొస్తానని వెళ్లారు."

రాగానే ఫోన్ చేయిస్తానంది. అది ఎనిమిదింటికి. ఇప్పుడు పదిన్నర.